గొరిల్లా దగ్గర గంటసేపు కూర్చోవడం ఎలా

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలల కోసం వచ్చి, మూడో వారానికే కిటికీలోంచి ఎదురింటి గ్యారేజీ తలుపు చూస్తూ కూర్చున్న నాలాంటి తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఒహాయోలో కొలంబస్ పక్కన డబ్లిన్, పవెల్ వైపు ఉన్నవాళ్ళకి. అక్కడ సాయంత్రం వాకింగుకి వెళ్తే "ఏ ఊరండీ మీది?" అని అడిగే మనిషి ఖాయంగా తగులుతాడు. మొదటి నెలలోనే పిల్లలు మనల్ని పవెల్‌లో నది పక్కనున్న కొలంబస్ జూకి తీసుకెళ్తారు. నాలుగు గంటల్లో జూ అంతా తిప్పుతారు. గొరిల్లా దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఫొటో దిగుతాం. "ఏముంది, నల్లగా కూర్చుని ఉంది" అనుకుంటూ ముందుకు పోతాం. మొదటిసారి మేమూ అంతే.

నేను తెనాలి బస్టాండులో ఇరవై రెండేళ్ళు కంట్రోలర్‌గా చేశాను. గాజు కిటికీ వెనకాల కూర్చుని మైకులో బస్సులు చెప్పడం నా పని. మిగతా టైమంతా జనాన్ని చూడటమే. ఎవరు పెళ్ళికి వెళ్తున్నారు, ఏ కోడలు అలిగి పుట్టింటికి పోతోంది, ఎవడి కన్ను పక్కవాడి జేబు మీద ఉంది, ఇవన్నీ అడక్కుండానే తెలిసిపోయేవి. ఆ విద్య 2015 వేసవిలో ఒహాయోలో మళ్ళీ పనికొచ్చింది. అప్పటికి కోలో బతికే ఉంది.

కోలో అంటే జూలో పుట్టిన మొట్టమొదటి గొరిల్లా. ఆ జూలో అనే కాదు, ప్రపంచం మొత్తంలోనే. నేను చూసేనాటికి ఆవిడకి 58 ఏళ్ళు. అడవిలో గొరిల్లా నలభై దాకా బతికితే గొప్ప.

ముందు మెంబర్‌షిప్ సంగతి. మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఒక్కరోజు టికెట్టు కాకుండా ఏడాది మెంబర్‌షిప్ కొనిపించండి. డబ్బులు మిగలడం ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది. రోజు టికెట్టు కొంటే "ఇంత పెట్టాం కదా, అన్నీ చూడాలి" అనే ఆత్రం పట్టుకుంటుంది. కార్డు ఉంటే గొరిల్లా ఒక్కదాన్నే చూసి ఇంటికొచ్చేయొచ్చు. మా అబ్బాయి ఆఫీసుకి వెళ్తూ పొద్దున్నే నన్ను గేటు దగ్గర దింపేవాడు. చేతిలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, చిన్న నోటుబుక్కు. వేసవైనా ఒక స్వెట్టర్ ఉంచుకోండి, లోపల ఏసీ మన ఎముకలకి పడదు.

గేటు తెరిచిన వెంటనే వెళ్ళండి. పొద్దున ఆకులు, కూరలు చల్లి పెడతారు. వాటిని వెతుక్కుంటూ గొరిల్లాలన్నీ తిరుగుతుంటాయి. మధ్యాహ్నం అయితే పడక. గడ్డి, ఆకులు చుట్టూ పోగేసుకుని గూడులా చేసుకుని నిద్రపోతాయి. పన్నెండింటికి వెళ్ళి "కదలడం లేదు" అని విసుక్కునేవాళ్ళని నేను రోజూ చూసేవాణ్ణి. మన ఇంట్లో భోజనం చేసి నడుం వాల్చిన మనిషిని అద్దంలోంచి ఎవరైనా చూస్తే వాళ్ళకీ అంతకన్నా ఏం కనిపిస్తుంది?

ఎక్కడ కూర్చోవాలంటే, అద్దానికి మరీ దగ్గరగా వద్దు. పిల్లలు వచ్చి అద్దం మీద చేతులతో కొట్టే చోటికి పది అడుగులు వెనక, ఒక పక్కగా బెంచీ చూసుకోండి. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడొద్దు. గొరిల్లా భాషలో అది కయ్యానికి కాలు దువ్వడం. మన పెద్దవాళ్ళ ముందు చిన్నవాళ్ళు ఎలా నిలబడతారో అలా, చూపు కాస్త దించి, ఓరగా చూడాలి. పళ్ళు బయటపెట్టి నవ్వడం కూడా మంచిది కాదు. మనకి నవ్వు, వాటికి మాత్రం పళ్ళు కనిపించడం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి, సిగ్గుచేటయినా సరే. రెండోసారి వెళ్ళినప్పుడు నాలుగేళ్ళ మనవరాలిని నవ్విద్దామని అద్దం ముందు నిలబడి రెండు పిడికిళ్ళతో గుండెలు బాదుకున్నాను. లోపల ఉన్న పెద్ద మగ గొరిల్లా అటు తిరిగి కూర్చుని ఉంది, అసలు పట్టించుకోనట్టే. మరుక్షణం అడ్డంగా ఉరికి వచ్చి అద్దం మీద ఒక్క చరుపు చరిచింది. అద్దం కాదు, నా పై ప్రాణాలు బద్దలయ్యాయి. మనవరాలు ఏడుపు. అక్కడ వాలంటీరుగా ఉన్న ఒక పెద్దావిడ పరుగున వచ్చి మా కోడలితో నెమ్మదిగా ఏదో చెప్పింది. కోడలు తర్జుమా చేసింది: "మామయ్యగారూ, మీరు ఆయన్ని ఇప్పుడు కుస్తీకి పిలిచారట." ఇంకో మాట కూడా చెప్పిందట. గొరిల్లా పిడికిలితో బాదుకోదు, అరచేయి దొప్పలా చేసి కొడుతుంది, అందుకే ఆ డప్పు శబ్దం. అంటే నేను పిలిచిన కుస్తీ కూడా తప్పు పద్ధతిలో పిలిచాను.

సర్దుకుని కూర్చున్నాక మొదటి పని, ఒక్కొక్కరినీ గుర్తుపట్టడం. గుంపంతా ఒకేలా కనిపిస్తుంది అనుకుంటాం. ముక్కు చూడండి. మన వేలిముద్రల్లా గొరిల్లాల ముక్కు ముడతలు ఏ రెండిటికీ కలవవు. అడవుల్లో పరిశోధన చేసేవాళ్ళు ముక్కు బొమ్మ గీసుకునే లెక్కపెట్టుకుంటారు. నేనూ నోటుబుక్కులో గీశాను. నా బొమ్మలు చూసి మా ఆవిడ "ఇవి గారెలా?" అంది. అయినా పదిహేను రోజుల్లో అందరినీ పట్టేశాను. వీపు మీద వెండి రంగు పరుచుకుని ఉంటే అది పన్నెండేళ్ళు దాటిన మగది, సిల్వర్‌బ్యాక్ అంటారు, ఆ కుటుంబానికి పెద్ద. మనిషికి రెండింతల పైన బరువు ఉంటుంది. పిరుదుల దగ్గర తెల్ల మచ్చ ఉంటే ఇంకా మూడు నాలుగేళ్ళు నిండని పిల్ల. ఆ మచ్చ ఉన్నన్నాళ్ళూ ఎంత అల్లరి చేసినా పెద్దవాళ్ళు ఊరుకుంటారు. పెద్దాయన తింటున్న కొమ్మని పిల్ల లాక్కుపోవడం నా కళ్ళతో చూశాను. మా డిపో మేనేజరు దగ్గర ఆయన మనవడికి కూడా అంత చనువు ఉండేది కాదు.

చెవులు కూడా వాడండి. తింటున్నప్పుడు గొంతు సవరించుకున్నట్టు లోపల్నించి గుర్రుమంటాయి. కోపం కాదు, "నేనిక్కడే ఉన్నాను, బాగానే ఉన్నాను" అని పక్కవాళ్ళకి చెప్పడం. ఇష్టమైనది తినేటప్పుడు కూనిరాగం లాంటిది కూడా తీస్తాయి. బయట పెరటి వైపున ఉంటే వినిపిస్తుంది, పక్కన స్కూలు పిల్లల బస్సు దిగనంతవరకు.

ఇప్పుడు భాష సంగతి. ఇంగ్లీషు రాదని వాలంటీర్లని తప్పించుకుని తిరగొద్దు. నేను రెండే వాక్యాలు బట్టీ పట్టాను: "వాట్ ఈజ్ హర్ నేమ్?", "హూ ఈజ్ హర్ మదర్?" ఈ రెండో ప్రశ్న వేయగానే వాళ్ళ మొహం విప్పారుతుంది. ఎందుకంటే వచ్చేవాళ్ళంతా ఎంత బరువు, ఏం తింటుంది అని అడుగుతారు. చుట్టరికం అడిగేవాడు అరుదు. మనకి అదేగా మొదటి ప్రశ్న, "ఎవరి తాలూకు?" అని. అలా అడిగితేనే ఆ జూలో ఉన్నది ఒక ఇల్లు అని నాకు తెలిసింది. ఆ ఇంటికి పెద్దావిడ కోలో.

తెలుగులో చెప్పేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది, గమనించారా? ఆడ గొరిల్లాతో గొడవ లేదు. "వచ్చింది, కూర్చుంది" అంటే అది జంతువుకీ సరిపోతుంది, మనిషికీ సరిపోతుంది. మగదాని దగ్గరే "వచ్చింది" అనాలా "వచ్చాడు" అనాలా తేల్చుకోవాలి. నేను మొదటి నెల "వచ్చింది" అన్నాను. చరుపు పడ్డ రోజు నుంచి "ఆయన వచ్చాడు". 2023లో మళ్ళీ వెళ్ళేసరికి ఈ వ్యాకరణం మీద అక్కడ పెద్ద నవ్వులాటే నడుస్తోంది. సల్లీ అనే ఎనిమిదేళ్ళ గొరిల్లా, 2019 నుంచి అక్కడే ఉంది, అందరూ మగపిల్లాడనుకున్నారు. ఆ ఏడాది జులైలో పొద్దున్నే చేతిలో బిడ్డతో కనిపించింది. ఎనిమిదేళ్ళ దాకా ఆడ మగ ఒకే సైజులో ఉంటాయట, పైకి తేడా తెలియదట. కీపర్లకే తెలియలేదు, మనమెంత.

మనవల్ని తీసుకెళ్తే కథ చెప్పమంటారు. కోలో కథ ఎలా చెప్పాలో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే బోర్డు మీద ఉన్నదాని కన్నా అసలు కథ బాగుంటుంది.

మొదలు ఆఫ్రికాలో పెట్టండి. కోలో అమ్మ మిల్లీ, నాన్న మాక్. ఇద్దర్నీ పసితనంలో ఫ్రెంచి వాళ్ళ కామెరూన్ అడవుల్లో పట్టి 1951లో కొలంబస్ తెచ్చారు. అడవిలో తల్లి తన పిల్లని ఊరికే ఇవ్వదు. ఆ రోజుల్లో పెద్దవాటిని చంపే పిల్లల్ని పట్టేవాళ్ళు. నాలుగేళ్ళ పిల్లకి ఈ ముక్క చెప్పాలా అని నేను ఆలోచించి, అప్పుడు దాటేశాను. పన్నెండేళ్ళు వచ్చాక చెప్పాను.

తర్వాత వారెన్ థామస్ వస్తాడు. వెటర్నరీ చదువుతూ జూలో పనిచేసే కుర్రాడు. మాక్, మిల్లీలని కలిపి ఉంచితే కొట్టుకుంటాయేమో అని పైవాళ్ళకి భయం. ఈ కుర్రాడు రాత్రిళ్ళు గుట్టుగా వాటిని కలిపేవాడు. 1956 డిసెంబరు 22 పొద్దున అతను వచ్చి చూస్తే నేల మీద ఉమ్మనీటి సంచిలోనే బిడ్డ పడి ఉంది. తల్లి దూరంగా ఉంది. అతను సంచి చింపి, కదలని బిడ్డ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు. రెండు కిలోలు కూడా లేదు. బతికింది. ఇక్కడ ఆగండి, పిల్లలు "తర్వాత?" అని అడిగేదాకా.

పేరు కోసం పోటీ పెట్టారు. కొలంబస్, ఒహాయో రెండు పేర్ల ముక్కలూ కలిపి కోలో. గాజు గదిలో పెట్టి, గౌన్లు తొడిగి, సీసాతో పాలు పట్టి పెంచారు. జనం విరగబడి చూశారు. ఆ గౌన్ల ఫొటోలు చూస్తే ముద్దుగానే ఉంటాయి. నాకు మాత్రం తిరునాళ్ళలో గంగిరెద్దు గుర్తొస్తుంది, అంతకన్నా ఏమీ అనను. తనని కన్నతల్లి పెంచలేదు. తర్వాత బోంగో అనే మగ గొరిల్లాతో తనకి ఎమ్మీ, ఆస్కార్, టోనీ అని ముగ్గురు పుట్టారు. ఆ ముగ్గుర్నీ తనూ పెంచలేదు, అప్పటి పద్ధతి ప్రకారం వాళ్ళూ మనుషుల చేతుల్లోనే పెరిగారు. బిడ్డ ఎలా పెరుగుతుందో ఎన్నడూ చూడని తల్లికి పెంపకం ఎలా వస్తుందని అనుకున్నారో ఏమో.

ఆ తర్వాతే నాకు ఇష్టమైన భాగం. జేజే అనే మనవణ్ణి కోలో చేతిలో పెట్టారు. వాణ్ణి పసిగుడ్డు నుంచి పెద్దవాడయ్యేదాకా ఆవిడే పెంచింది. కన్నబిడ్డలకి చెయ్యలేనిది మనవడికి చేసింది. ఈ మాట మా కోడలికి చెప్తుంటే మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మా అబ్బాయి చిన్నప్పుడు తను గుంటూరులో ఉద్యోగం, పిల్లాడు మా అమ్మ దగ్గర. ఇప్పుడు మనవరాలి కోసం ఆరు నెలలు వచ్చింది. ఏమీ అనలేదు, టీ ఇచ్చి లోపలికి పోయింది.

తాళాల కథ కూడా చెప్పండి, పిల్లలు పడి నవ్వుతారు. చార్లీన్ జెండ్రీ అనే కీపర్‌కి ఒకసారి కబురొచ్చింది, కోలో చేతిలో ఏదో దాచిందని. ఆమె వెళ్ళి వేరుశనగ కాయలు ఇస్తానంది. కోలో నాకేం తెలియదన్నట్టు మొహం పెట్టింది. బేరం పెంచి అనాసపండు ముక్క చూపిస్తే అప్పుడు చెయ్యి తెరిచింది, తాళాల గొలుసు. గొలుసంతా ఒక్క ముక్కకి ఇచ్చేస్తే ఎలా? తెంపి, ఒక్కో కొక్కెం ఇచ్చి ఒక్కో ముక్క పుచ్చుకుంది. తెనాలి మార్కెట్లో నిమ్మకాయల కమిషన్ కొట్టు పెట్టించొచ్చు ఆవిడ చేత.

నోటుబుక్కులో వంశవృక్షం గీయించడం మరచిపోవద్దు. పైన మిల్లీ, మాక్. కింద కోలో. ఆ కింద ముగ్గురు. ఆస్కార్ పిల్లల్లో 1983లో పుట్టిన కవలలు కూడా ఉన్నారు, మోసుబా, రెండో మకాంబో. కోలో నాన్న మాక్ పూర్తి పేరు బేరన్ మకాంబో, అంటే ముత్తాత పేరు పెట్టుకున్నారన్నమాట, మనలాగే. మొత్తం కోలోకి 16 మంది మనవలు, 12 మంది మునిమనవలు, ముగ్గురు ఇనిమనవలు. మనవరాలు ఈ లెక్క రాస్తూ "తాతయ్యా, ఇనిమనవలు అంటే?" అంది. మునిమనవల పిల్లలు అన్నాను. ఆ మాట చెప్పి చాలా ఏళ్ళయింది, చెప్పడానికి చాలా బాగుంది.

నేను చూసిన కోలో ఎలా ఉండేదంటే, పెద్దగా ఏమీ చేసేది కాదు. తల మీద, భుజాల మీద నెరుపు. ఆకుకూర కట్ట తీసుకుని ఒక్కో ఆకు విడదీసి, ముదురు కాడ పక్కన పెట్టి, లేతది తినేది. మా అమ్మ తోటకూర బాగుచేసినట్టే. ఒకరోజు నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటుంటే ఆవిడ ఓరగా నా డబ్బా వంక చూసింది. నేనూ చూపు దించి ఓరగానే చూశాను. అంతే జరిగింది, నోటుబుక్కులో తేదీతో సహా రాసుకున్నాను.

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి ఒకటి గట్టిగా చెప్పాలి. రెయిలింగ్ మీద ఎక్కించొద్దు, ఫొటో కోసం అస్సలు వద్దు. అక్కడికి రెండు గంటల దూరం లేని సిన్సినాటి జూలో 2016 మే 28న ఒక మూడేళ్ళ బాబు కంచె దాటి కందకంలో పడ్డాడు. హరాంబే అనే మగ గొరిల్లా వాణ్ణి పట్టుకుంది. బాబుని కాపాడటానికి దాన్ని కాల్చి చంపాల్సి వచ్చింది. దానికి పదిహేడేళ్ళు నిండి ఒక్కరోజు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1996లో, షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో అలాగే పడ్డ మూడేళ్ళ బాబుని బింటీ జువా అనే ఆడ గొరిల్లా, వీపున సొంత పిల్లని మోస్తూనే, ఎత్తి జాగ్రత్తగా కీపర్ల తలుపు దగ్గరికి చేర్చింది. ఏ గొరిల్లా ఎప్పుడు ఏం చేస్తుందో పైనున్న మనకి తెలియదు. పిల్ల చెయ్యి మన చేతిలో ఉండాలి, ఫోను జేబులో ఉండాలి. జలుబు ఉంటే ఆ రోజు మానుకోండి, మన రోగాలు వాటికి అంటుతాయి. 2021లో శాన్ డియెగో దగ్గర గొరిల్లాలకి కోవిడ్ కూడా వచ్చింది.

చలికాలం వచ్చినా వెళ్ళొచ్చు, లోపలి గదుల్లో చూడొచ్చు. జనం ఉండరు కాబట్టి అదే మంచి కాలం అని నా అభిప్రాయం. మంచులో నడిచేటప్పుడు మాత్రం మన హవాయి చెప్పులతో సాహసాలు వద్దు.

2016 డిసెంబరులో కోలోకి అరవై నిండాయి. ఆ నెలలోనే చంక కింద గడ్డ తీశారు. మేము తెనాలిలో ఉన్నాం, మా అబ్బాయి కేకు ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. "షష్టిపూర్తి" అని జవాబిచ్చాను. 2017 జనవరి 17న నిద్రలోనే పోయింది. అరిసెలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, పండగ అప్పుడే వెళ్ళింది. మనవరాలికి ఎవరు చెప్పాలి అన్నారు ఇంట్లో. నేనే వీడియో కాల్ చేశాను. ఇలాంటిది చెప్పాల్సి వస్తే "నిద్రపోయింది" అనొద్దు, పిల్లలు ఆ రాత్రి నిద్రపోరు. "ముసలిదయింది, చనిపోయింది, ఆస్కార్ వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు ఉన్నారు" అన్నాను. అది నోటుబుక్కు తెచ్చుకుని కోలో పేరు పక్కన రెండు తేదీలు రాసి, నాకు కెమెరాలో చూపించింది.

ఇండియాలోనే ఉండి చూడాలనుకునేవాళ్ళు హైదరాబాద్ జూపార్కులో వెతకొద్దు, మైసూరు వెళ్ళండి. అక్కడ పోలో అని ఒక్క మగ గొరిల్లా చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండేది, దేశం మొత్తానికి అదొక్కటే. 2014లో అది పోయాక ఇక్కడ గొరిల్లాలే లేవు. 2021లో జర్మనీ నుంచి తాబో, దెంబా అని ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. పైన రాసిన పద్ధతే, పొద్దున్నే వెళ్ళడం, పక్కగా కూర్చోవడం, ముక్కు చూడటం. ఒక్కటే తేడా, మైసూరు జూకి మంగళవారం సెలవు. మేము బస్సు దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని వెళ్ళింది మంగళవారమే.